కాల్పులు ఆగిన మర్నాడు మొదట ఏం చెయ్యాలి: ఎన్నికలా, జీతాలా, వంతెనలా?

అనంత_మెయిన్స్ (అనంతపురం)
యుద్ధం తర్వాత దేశాన్ని మళ్లీ నిలబెట్టడం మీద ఎస్సే రాయాలి. ఏ మెటీరియల్ తిరగేసినా మార్షల్ ప్లాన్ (రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌కు అమెరికా ఇచ్చిన సాయం), సుస్థిర శాంతి, అంతర్జాతీయ సహకారం అని అవే నాలుగు మాటలు తిప్పి తిప్పి రాసినారు. వరస యాడా లేదు. ఏ పని తర్వాత ఏ పని? దేన్ని తొందరపడి చేస్తే చెడిపోతుంది? పాత శత్రువుతో ముందు ఏ విషయం మీద కూర్చోవాలి? తారీఖులతో, లెక్కలతో చెప్పేవాళ్లు చెప్పండి. ఏ ప్రధాని గొప్ప అనే చర్చ మాత్రం వద్దన్నా, దానికి వాట్సాప్ ఉంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
ముందు కాగితాల సంగతి తేల్చుకుందాం. అన్నిటినీ శాంతి ఒప్పందం అనేస్తాం గానీ అవి మూడు వేర్వేరు కాగితాలు. మొదటిది కాల్పుల విరమణ. ఫలానా గంట నుంచి తుపాకులు ఆపడం, అంతే. ఇద్దరు సైనికాధికారులు ఫోన్లో తేల్చుకోవచ్చు. 2025 మే 10న మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ డీజీఎంవో (సైనిక కార్యకలాపాలు చూసే అధికారి) మన డీజీఎంవోకు ఫోన్ చేస్తే సాయంత్రం 5 గంటల నుంచి అమలు అన్నారు. రెండోది సైన్యాల మధ్య రాతకోతలతో జరిగే యుద్ధ విరమణ. గీత ఎక్కడ, ఎవరు ఎంత వెనక్కి జరగాలి, ఖైదీల్ని ఎలా అప్పగించాలి, మాట తప్పితే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి అన్నవి అందులో ఉంటాయి. మూడోది ప్రభుత్వాల మధ్య శాంతి ఒప్పందం. సరిహద్దు, పరిహారం, రాయబారులు దాని వంతు. కొరియా 1953 జూలై 27న రెండోదాని దగ్గరే ఆగింది. గీతకు అటు 2 కిలోమీటర్లు, ఇటు 2 కిలోమీటర్లు సైన్యం లేని పట్టీ ఉంది గానీ, మూడో కాగితం ఇప్పటికీ లేదు.

గీత విషయంలో బద్ధకిస్తే ఏమవుతుందో మన దగ్గరే ఉంది. 1949 జూలై 27న కరాచీలో భారత్, పాకిస్తాన్ సైనిక ప్రతినిధులు కాల్పుల విరమణ రేఖ రాసుకున్నారు. ఊరు, వాగు, శిఖరం అని వరసగా రాసుకుంటూ పోయి, చివర్లో "అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీ నదాల వైపు" అని ముగించారు. అంత మంచులో ఎవడు పోతాడులే అన్న ధీమా. 1972లో సిమ్లా ఒప్పందం తర్వాత రెండు సైన్యాల అధికారులు సుచేత్‌గఢ్‌లో డిసెంబర్ 11న మ్యాపుల మీద సంతకాలు చేసినప్పుడు కూడా గీతను ఎన్‌జే 9842 అనే బిందువు దగ్గరే ఆపారు. అక్కడి నుంచి చైనా సరిహద్దు దాకా ఖాళీ. 1984 ఏప్రిల్ 13న సియాచిన్ మీదికి మన సైన్యం ఎక్కింది ఆ ఖాళీ వల్లే. మ్యాపు మీద గీయని ఆ ముక్కకు ఇవాళ్టికీ కాపలా కాస్తున్నాం. అందుకే గీత చివరి బిందువు దాకా పోవాలి, మ్యాపు ఏ స్కేలుదో రాయాలి, రెండు పక్షాలూ ఒకే ప్రతి మీద సంతకం చెయ్యాలి.

గండికోట_మిట్ట (కడప)
బురుజు సార్ గీత గురించి చెప్పినారు, నేను ఖైదీల సంగతి చెప్తా. కొరియాలో చర్చలు 1951 జూలై 10న మొదలైతే సంతకాలకు రెండేండ్లు పట్టింది. ఎక్కువ కాలం తెగకుండా నిలబెట్టింది ఖైదీల అంశమే. 1949 మూడో జెనీవా ఒప్పందం 118వ అధికరణం యుద్ధం ముగియగానే ఖైదీల్ని ఆలస్యం చేయకుండా వదలమంటాది. మరి ఖైదీ "నేను మా దేశం పోను" అంటే? అట్లంటి వాళ్లు వేలల్లో తేలినారు. అమెరికా ఇష్టమున్న వాళ్లనే పంపుతామనె, చైనా, ఉత్తర కొరియా అందరినీ ఇయ్యాల్సిందేననె. చివరికి తటస్థ దేశాల కమిషన్ పెట్టినారు: స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లొవేకియా, అధ్యక్షస్థానంలో ఇండియా. జనరల్ తిమ్మయ్య చైర్మన్, కాపలాకు పోయింది జనరల్ థోరట్ కింద మన సైనికులు. పోమన్న 22 వేల మందికి పైగా ఖైదీల్ని 90 దినాలు తటస్థుల కాపలాలో పెట్టి, వాళ్ల సొంత దేశం అధికారులే వచ్చి "రండి" అని నచ్చజెప్పుకునే ఏర్పాటు. అది కాగితం మీద ఉండేటప్పుడే, 1953 జూన్ 18న దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ సుమారు 27 వేల మందిని క్యాంపుల్లోంచి వదిలేసినాడు. ఒప్పందం కొంచెంలో తప్పిపోయేది. సంతకం పెట్టని మిత్రుడు శత్రువు కంటే ఎక్కువ చెరుపు చేయగలడు.

సిమ్లాలో (1972 జూలై 2) గెలిచిన భూమి దాదాపు 13 వేల చదరపు కిలోమీటర్లు తిరిగి ఇయ్యడానికి ఒప్పుకున్నారు గానీ, 93 వేల మంది ఖైదీల మాట అప్పుడు తెగలేదు. కారణం చాలామంది మర్చిపోతారు. వాళ్లు లొంగిపోయింది భారత్, బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండుకు. మూడో పార్టీ ఒప్పుకోకుండా మనం ఒక్కరమే వదలలేం. బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ గుర్తించనే లేదాయె. 1973 ఆగస్టు 28న ఢిల్లీ ఒప్పందం, 1974 ఫిబ్రవరి 22న గుర్తింపు, ఏప్రిల్ 9న ముగ్గురి ఒప్పందం. అప్పుడుగాని యుద్ధ నేరాల కింద పక్కనపెట్టిన 195 మంది సంగతి తేలలేదు. బల్ల దగ్గర యాడ కుర్చీ ఖాళీగా ఉంటాదో ఆడే పని ఆగిపోతాది.

పెన్నా_గట్టు (తాడిపత్రి)
ఇదంతా బాగుంది గానీ కడుపు నిండేది డబ్బుతో. మార్షల్ ప్లాన్ లేకుండా యూరప్ లేచేదా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
మేడం, ఆ డబ్బు ఎలా తిరిగిందో చూస్తే మీ ప్రశ్నే మారిపోతుంది. 1948 నుంచి 1952 దాకా సుమారు 13 బిలియన్ డాలర్లు, 16 దేశాలు. నగదు కట్టలు కాదు, ఎక్కువ భాగం సరుకే. మొదట్లో తిండి గింజలు, ఎరువులు, ఇంధనం, తర్వాత ముడిసరుకు, యంత్రాలు. ఒక ఫ్రెంచి మిల్లుకు అమెరికా పత్తి కావాలనుకోండి. అమెరికా వ్యాపారికి డాలర్లు అమెరికా ప్రభుత్వం కడుతుంది. ఫ్రెంచి మిల్లు మాత్రం ఆ ధరను ఫ్రాంకుల్లో తన ప్రభుత్వం దగ్గర ప్రత్యేక ఖాతాలో కట్టాలి. అంటే పత్తి ఒక్కసారే వచ్చినా డబ్బు రెండుసార్లు పని చేసింది. ఖాతాలో చేరిన ఫ్రాంకుల్లో 5 శాతం అమెరికా వాడకానికి, మిగతాది అమెరికా ఒప్పుకున్న పనులకు. ఫ్రాన్స్ ఆ నిధిని పరిశ్రమల ఆధునికీకరణకు, బ్రిటన్ అప్పు తీర్చుకోవడానికి, పశ్చిమ జర్మనీ 1948లో పెట్టిన కేఎఫ్‌డబ్ల్యూ బ్యాంకు ద్వారా అప్పులు ఇవ్వడానికి వాడుకున్నాయి. జర్మనీలో ఆ అప్పులు తిరిగొచ్చి మళ్లీ అప్పులుగా పోయాయి. ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకో సంగతి. జర్మనీలో కొట్లు నిండింది మార్షల్ సరుకు పెద్ద ఎత్తున రాకముందే. 1948 జూన్ 20న పాత మార్కు రద్దు చేసి మనిషికి ముందు 40 కొత్త మార్కులు, తర్వాత ఇంకో 20 ఇచ్చారు. బ్యాంకుల్లో దాచుకున్న పాత 100 మార్కులకు చివరికి దక్కింది 6.50. పొదుపు చేసుకున్నవాడి నోట మట్టి కొట్టారు, అది దాచాల్సిన పని లేదు. పొలం, ఫ్యాక్టరీ, సరుకు ఉన్నవాడు గట్టెక్కాడు. కానీ సోమవారం పొద్దునకల్లా కొట్లలో సరుకు బయటపడింది. అంతకుముందు సిగరెట్లే డబ్బుగా చెల్లిన బజారు అది. అక్కడి ఆర్థిక వ్యవహారాలు చూసే ఎర్హార్డ్ అదే ఊపులో చాలా సరుకుల మీద ధరల నియంత్రణ ఎత్తేశాడు. నోటు మార్చి ధరలు బిగించి ఉంచితే సరుకు మళ్లీ గోడౌన్లలోకే పోయేది.

దౌత్యం వైపు నష్టమూ అప్పుడే తగిలింది. కొత్త నోటు పడమటి వైపు మాత్రమే చెల్లడంతో సోవియట్లు నాలుగు రోజుల్లో బెర్లిన్ దారులు మూసేశారు. 1949 మే 12 దాకా తెరవలేదు.

పెన్నా_గట్టు (తాడిపత్రి)
సరే, ఒప్పుకుంటా. అయితే ఓడినవాడి దగ్గర గుంజే పరిహారం మాటేంటి? బాధితులకు న్యాయం వద్దా?

గండికోట_మిట్ట (కడప)
న్యాయం కావాల, వసూలయ్యే పద్ధతీ కావాల అక్కా. 1921లో జర్మనీ మీద 132 బిలియన్ బంగారు మార్కులు వేసినారు. కరెంటు స్తంభాల మాదిరి టెలిగ్రాఫ్ స్తంభాలు, కలప, బొగ్గు బాకీ పడినాదని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్ ప్రాంతంలోకి దిగినాయి. కార్మికులు పని మానేస్తే, వాళ్లకు జీతాలియ్యడానికి జర్మన్ ప్రభుత్వం నోట్లు అచ్చేసుకుంటా పోయింది. నవంబరుకు ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు! వసూలుకు పోయినోళ్లకు బొగ్గూ సరిగా దక్కలేదు.

రెండోసారి తెలివొచ్చింది. 1953 ఫిబ్రవరి 27 లండన్ ఒప్పందంలో జర్మనీ పాత అప్పుల్లో దాదాపు సగం కొట్టేసినారు. మిగతాది జర్మనీ ఎగుమతి మిగులు చూసుకుని కట్టేటట్టు రాసినారు. అంటే అప్పు వసూలు కావాలంటే అప్పిచ్చినోడే జర్మన్ సరుకు కొనాల. ఈ ఒక్క షరతు ఎస్సేలో రాయి తమ్ముడూ, మార్కులు పడతాయి. అదే కాలంలో ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు పరిశ్రమల్ని ఒకే ఉమ్మడి సంస్థ కిందికి తెచ్చినారు: 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి షూమన్ ప్రకటన, 1951 ఏప్రిల్ 18న పారిస్ ఒప్పందం, మొత్తం ఆరు దేశాలు. దాని ఖర్చుకు ప్రభుత్వాల దగ్గర చెయ్యి చాపలేదు. బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మీద గరిష్ఠంగా 1 శాతం లెవీ వేసుకునే అధికారం ఆ సంస్థకే ఉండె. గనులు మూతబడితే కూలోళ్లకు వేరే పని నేర్పించేదానికీ ఆ డబ్బులే. సొంత రాబడి లేని ఉమ్మడి సంస్థ మొదటి అలకకే మూతబడతాది.

కియా_రోడ్డు (పెనుకొండ)
యూరప్ చాలు, ఆసియాకు రండి. మా ఊరి పక్కన ఎర్రమంచిలో కార్లు చేస్తున్న కియా, 1952లో యుద్ధం జరుగుతున్నప్పుడే బూసాన్‌లో సైకిల్ చేసింది. దక్షిణ కొరియా చేసిన మొదటి సైకిల్ అది. కొరియా ఎలా లేచిందంటే అందరూ ఫ్యాక్టరీలే చెబుతారు, అంతకుముందు భూమి ఉంది. సంస్కరణ చట్టం 1949, సవరించి అమల్లోకి తెచ్చింది 1950లో, యుద్ధానికి కొంచెం ముందు. ఒక కుటుంబానికి సుమారు 3 హెక్టార్లే పరిమితి. భూమి దక్కిన రైతు ఏడాది పంట విలువకు ఒకటిన్నర రెట్లు, ఐదేళ్లలో, ఏటా పంటలో 30 శాతం చొప్పున కట్టాలి. భూస్వామికి ఇచ్చింది బాండ్లు. యుద్ధంలో ధరలు పెరిగి ఆ బాండ్లు చిత్తుకాగితాలయ్యాయి. న్యాయమా అంటే నేను చెప్పలేను. పెద్ద భూస్వామి అనేవాడు రాజకీయంలో లేకుండా పోవడంతో తర్వాత వచ్చిన ప్రభుత్వానికి అడ్డు తగిలేవాడు లేడు.

ఇక పాత శత్రువు. జపాన్‌తో చర్చలు 1951లో మొదలై 1965 జూన్ 22న తేలాయి, పద్నాలుగేళ్లు. మధ్యలో 1964లో సియోల్‌లో విద్యార్థులు వీధుల్లోకొస్తే మార్షల్ లా పెట్టారు. చివరికి 300 మిలియన్ డాలర్లు ఉచితంగా, 200 మిలియన్ అప్పుగా. ఉచితం అన్నది కూడా నగదు కాదు, పదేళ్లలో జపాన్ సరుకులు, సేవల రూపంలో. దాంట్లో కొంత పోహాంగ్ ఉక్కు ఫ్యాక్టరీకి పోయింది. 1973లో కొలిమి వెలిగింది. కానీ బలవంతంగా పని చేయించుకున్న కూలీల పరిహారాన్ని దేశాల మధ్య లెక్కలోనే కలిపేశారు. జపాన్ నేరుగా మనిషికి ఇంత అని ముట్టజెప్పలేదు. 2018లో కొరియా సుప్రీంకోర్టు జపాన్ కంపెనీలే కూలీలకు కట్టాలంది. 2019లో చిప్‌ల తయారీకి కావాల్సిన మూడు రసాయనాల ఎగుమతిని జపాన్ బిగించింది. ఉక్కు వచ్చింది గానీ పద్దు తెగలేదు.

మన దేశం తీరు వేరే. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో సంతకం పెట్టకుండా, 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని పరిహారం మొత్తం వదిలేసింది. 1958లో జపాన్ ఇచ్చిన తొలి యెన్ రుణం మనకే. విశాఖ రేవుకు ఇనుప ఖనిజం మోసే కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం వెనక ఆ జపాన్ సహకారం ఉంది.

అనంత_మెయిన్స్ (అనంతపురం)
చాలా బాగుంది. ఇంతకీ నా మొదటి ప్రశ్న: దేశం లోపల వరస? ఎన్నికలు ఎప్పుడు?

లైన్‌మ్యాన్_గారి_అబ్బాయి (ప్రొద్దుటూరు)
ఎన్నికల కంటే ముందు కరెంటు, దారి. పనుల లెక్కలో చెప్తా.

దారికి మొదటి వంతెన బెయిలీ వంతెన. ఒక్కో ఉక్కు ప్యానెల్ 10 అడుగుల పొడవు, సుమారు 260 కిలోలు, ఆరుగురు మోసుకుపోతారు, క్రేన్ అక్కర్లేదు. ఈ ఒడ్డున బిగించి, ముందు తేలికపాటి ముక్కు తగిలించి, రోలర్ల మీద అవతలికి నెడతారు. 2024లో వయనాడ్ కొండచరియలప్పుడు సైన్యం చూరల్‌మలలో 190 అడుగులది వేసింది, 24 టన్నులు మోసేది. అంబులెన్సులు, బియ్యం లారీలు, జేసీబీ పోతాయి.

ఇప్పుడు చిక్కు చూడండి. పెద్ద సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ 200 టన్నుల పైన ఉంటుంది. బెయిలీ మీద పోదు. దానికి గట్టి రైలు వంతెనో, ప్రత్యేక ట్రెయిలర్‌కు సరిపడే కాంక్రీటు వంతెనో కావాలి. వంతెన కట్టాలంటే సిమెంటు, సిమెంటుకు కరెంటు. ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి వరస రాసుకునేటప్పుడు వెనక నుంచి రావాలి. ఫలానా ఊరి ఆసుపత్రికి 24 గంటల కరెంటు అంటే ఏ ట్రాన్స్‌ఫార్మర్, అది ఏ దారిన, ఆ దారిలో ఏ వంతెన, ఆ వంతెన ఒడ్డున మందుపాతరలు తీశారా. ట్రాన్స్‌ఫార్మర్ షాపులో దొరకదు. ఆర్డరు పెడితే ఏడాది దాటుతుంది. అందుకే యుద్ధం ముగియకముందే ఆర్డరు పెట్టాలి. ఉక్రెయిన్‌కు ఇంకో తలనొప్పి. సోవియట్ కాలం నాటి వాళ్ల ప్రధాన లైన్లు 750, 330 కిలోవోల్టులు, యూరప్‌లో ఎక్కువగా 400. పక్క దేశం ప్రేమగా ఇచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ చాలాచోట్ల బిగించడానికి రాదు. కానీ 2022 మార్చి 16న యుద్ధం మధ్యలోనే వాళ్ల గ్రిడ్‌ను యూరప్ గ్రిడ్‌తో కలిపారు. అప్పటి నుంచి లోటు పడితే పక్క దేశాల నుంచి కరెంటు తెచ్చుకునే దారి దొరికింది.

గ్రిడ్ మొత్తం చీకటైతే ముందు లేపేది జల విద్యుత్ కేంద్రం. బొగ్గు కేంద్రానికి మొదలవ్వడానికే బయటి కరెంటు కావాలి, నీటి టర్బైనుకు చిన్న డీజిల్ జనరేటరో బ్యాటరీనో చాలు. అక్కడి నుంచి ఒక్క లైను బొగ్గు కేంద్రానికి, తర్వాత నీళ్ల పంపులు, ఆసుపత్రి. ఊళ్లకు ఒక్కసారే ఇస్తే లోడు తట్టుకోలేక మళ్లీ పడిపోతుంది.

గుత్తి_కోట (గుత్తి)
మందుపాతరల మాట వచ్చింది కాబట్టి. అందరూ యంత్రం పెట్టి దున్నేస్తారనుకుంటారు. ముందు అడిగి తెలుసుకోవడం: గొర్రెల కాపరులు, పాత సైనికులు, ఆసుపత్రి రికార్డులు. దాంతోనే అనుమానం ఉన్న భూమిలో చాలా భాగం కొట్టేయొచ్చు. మిగిలిన దాంట్లో మీటరు వెడల్పు బాటలు గీసి, డిటెక్టరు మోగిన చోట సన్నని చువ్వతో 30 డిగ్రీల వాలులో గుచ్చుతూ పోవాలి. నిట్టనిలువున గుచ్చితే పైనున్న మీటే తగులుతుంది. ఒక్క పాతర దొరికే లోపల మేకులు, తూటా ముక్కలు, డబ్బా మూతలు వందల్లో తవ్వాలి. ఎం-14 లాంటిదైతే దాదాపు ప్లాస్టిక్కే, మందు 29 గ్రాములు, పాదం పోవడానికి అది చాలు. మనిషి రోజుకు చేయగలిగేది పదుల చదరపు మీటర్లే.

అందుకే దౌత్యంలో అడగాల్సిన మొదటి కాగితాల్లో పాతరల మ్యాపు ఒకటి. యుద్ధ విరమణ ఒప్పందంలో "ఇన్ని రోజుల్లో మ్యాపులు అప్పగించాలి" అని రాయించుకోవాలి, సైన్యం చెదిరిపోతే మ్యాపులు పెట్టినవాడు దొరకడు. మ్యాపు ఉన్నా నిశ్చింత లేదు. 2014 మే వరదల్లో బోస్నియాలో పాతరలు, హెచ్చరిక బోర్డులు రెండూ కొట్టుకుపోయాయి. మొజాంబిక్‌లో 1992లో ఒప్పందమైతే పాతరలు లేని దేశంగా ప్రకటించుకుంది 2015లో.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
ఎన్నికల ప్రశ్నకు మొజాంబిక్, అంగోలా పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ పోర్చుగల్ వలసలు, రెండింటా దశాబ్దం దాటిన అంతర్యుద్ధం. అంగోలాలో 1991 మే 31న ఒప్పందం, 1992 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో ఎన్నికలు. అప్పటికి రెండు సైన్యాలూ రద్దు కాలేదు, యూఎన్ బృందం చాలా చిన్నది. ఓడిన తిరుగుబాటు నేత సవింబి దగ్గర సైన్యం అలాగే ఉంది కాబట్టి ఫలితం ఒప్పుకోలేదు. యుద్ధం మళ్లీ మొదలై 2002లో అతను చనిపోయాకే ఆగింది. మొజాంబిక్‌లో 1992 అక్టోబర్ 4న ఒప్పందం. ఏడాదిలో పెట్టాల్సిన ఎన్నికలను 1994 అక్టోబర్‌కు జరిపారు, ముందు సైన్యాల రద్దు పూర్తి కావాలని. 49 శిబిరాల్లో సైనికుల్ని చేర్చి, ఆయుధం తీసుకుని, పేరు రాసుకుని, ఇంటికి పోయే బండి చార్జీ ఇచ్చి, రెండేళ్ల పాటు నెలనెలా డబ్బు వాళ్ల జిల్లాలోని బ్యాంకులో అందేలా చేశారు. జిల్లాలోనే అన్నది కీలకం. రాజధానిలో పంచి ఉంటే అందరూ రాజధానిలోనే గుంపుగా ఉండిపోయేవాళ్లు. తిరుగుబాటు పక్షం రాజకీయ పార్టీగా మారడానికి విడిగా నిధి పెట్టారు. చాలామందికి నచ్చదు, తుపాకీ పట్టినవాడికి ఆఫీసు, కారు ఇవ్వడమేంటని. ఇవ్వకపోతే వాడికి మిగిలేది అడవి.

అక్కడా తప్పులు జరిగాయి. శిబిరాల్లో తిండి, డబ్బు ఆలస్యమై 1994లో సైనికులు తిరగబడ్డారు. చేరిన ఆయుధాల్లో ఎక్కువ భాగం ధ్వంసం చేయకుండా వదిలేస్తే దక్షిణాఫ్రికా దొంగల చేతికి చేరాయి. 1995 నుంచి రెండు దేశాల పోలీసులు కలిసి నిల్వలు వెతికి పేల్చాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా తిరగేసినది ఇరాక్. 2003 మే 23న అమెరికా ఆక్రమణ పాలన ఒక్క ఉత్తర్వుతో అక్కడి సైన్యాన్ని రద్దు చేసింది. దాదాపు 4 లక్షల మంది ఇంటికి పోయారు, చేతిలో జీతం లేదు, ఇంట్లో తుపాకీ ఉంది.

గుత్తి_కోట (గుత్తి)
ఇంతదూరం పోకుండా మన జిల్లాలే చూడండి సార్. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి రాసిచ్చాక మన్రో కలెక్టరుగా వచ్చి సుమారు 80 మంది పాలెగాళ్ల సాయుధ బలగాలను తీసేసి, భూమి సర్వే చేయించి, రైతుకు నేరుగా శిస్తు కట్టాడు. అదే వరస కదా: ఆయుధం, కొలత, రాబడి.

పెన్నా_గట్టు (తాడిపత్రి)
అది ఆక్రమణ, పునర్నిర్మాణం అనొద్దు. పాలెగాడి బదులు కంపెనీ వసూలు చేసుకుంది, అంతేగా.

గుత్తి_కోట (గుత్తి)
ఆక్రమణే, కాదనను. కానీ పాఠం ఒకటి ఉంది. నలిగిపోయిన పల్లెల మీద వేసిన శిస్తు ఎక్కువైందని, 25 శాతం తగ్గించమని 1807లో ఆయనే సిఫార్సు చేశాడు. పైవాళ్లు వినలేదు. ఆయన గవర్నరై వచ్చాకే అది అమలైంది, అంటే 1820 తర్వాత. యుద్ధం ముగిసిన మొదటి ఏళ్లలో రాబడి కోసం రైతును పిండితే బీడు పెరుగుతుంది, రాబడీ పడిపోతుంది.

గండికోట_మిట్ట (కడప)
మరి జీతాలు యాడి నుంచి తేవాల అంటే, సుంకం. ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను వసూలుకు రికార్డులు, గుమాస్తాలు కావాల, అవి యుద్ధంలో కాలిపోయింటాయి. సరిహద్దు గేటు దగ్గర లారీ ఆపి పన్ను తీసుకునేదానికి ఒక షెడ్డు, రసీదు పుస్తకం, నిజాయితీ ఉండే నలుగురు చాలు. కొసొవోలో యూఎన్ పాలన 1999 సెప్టెంబరులోనే కస్టమ్స్ మొదలుపెట్టింది. జీతాల జాబితాలో దొంగ పేర్లు ఏరకపోతే అది బొక్కబడిన కుండే. అఫ్గానిస్తాన్‌లో లేని సైనికుల పేరు మీద జీతాలు పై అధికారుల జేబుల్లోకి పోయినాయి. డబ్బు కమాండరు చేతికి కాకుండా నేరుగా మనిషి ఖాతాకో, ఫోనుకో పోవాల.

కియా_రోడ్డు (పెనుకొండ)
శత్రువులు ఒకే దేశంలో కలిసి బతకాల్సి వస్తే? 1995లో యుద్ధం ఆగాక బోస్నియాలో ఒకడి కారు నంబరు ప్లేటు చూసి వాడు ఏ వైపోడో తెలిసిపోయేది, గీత దాటితే రాళ్లే. 1998లో ఉమ్మడి ప్లేటు పెట్టారు. అక్కడ వాడే రెండు లిపులు, లాటిన్‌లోనూ సిరిలిక్‌లోనూ ఒకేలా ఉండే అక్షరాలు మాత్రమే, ఊరు గుర్తు లేకుండా. దాంతో జనం అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఉమ్మడి నోటు కూడా, జర్మన్ మార్కుకు ఒకటికి ఒకటి కట్టేసి. కేంద్ర బ్యాంకు మొదటి గవర్నరు ఆ దేశస్తుడు గానీ, ఇరుగుపొరుగు దేశస్తుడు గానీ కాకూడదని రాజ్యాంగంలోనే రాశారు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
శత్రువుతో ముందు ఏ విషయం మీద కూర్చోవాలి అన్నది మిగిలింది. ఇరుకైనది, లెక్క పెట్టగలిగేది, ఇద్దరికీ ఆగితే నష్టమయ్యేది. సింధు నీళ్లే తీసుకోండి. 1948 ఏప్రిల్ 1న కాలువలకు నీళ్లు ఆగితే మే 4న తాత్కాలిక ఒప్పందం, ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960 సెప్టెంబర్ 19న పూర్తి ఒప్పందం. నీళ్లను పంచలేదు, నదుల్ని పంచారు: రావి, బియాస్, సట్లెజ్ మనకు, సింధు, జీలం, చీనాబ్ చాలావరకు వాళ్లకు. పాకిస్తాన్ కొత్త కాలువలు తవ్వుకోవడానికి మనం 6.206 కోట్ల పౌండ్లు పది వాయిదాల్లో కట్టాం, ఆ కాలువలు పూర్తయ్యేందుకు 1970 మార్చి 31 దాకా గడువు. ప్రతి పక్షానికీ ఒక కమిషనరు, ఏడాదికి కనీసం ఒక సమావేశం, నదుల రీడింగుల మార్పిడి. తగాదా వస్తే ముందు కమిషన్, అక్కడ తేలకపోతే సాంకేతిక విషయాలకు తటస్థ నిపుణుడు, మిగతా వివాదాలకు మధ్యవర్తిత్వ కోర్టు. తుంగభద్ర నీళ్ల పంచాయితీ తెలిసిన కర్నూలోళ్లకు గేజి రీడింగు ఎవరి చేతిలో ఉందన్నది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. 1965, 1971 యుద్ధాల్లోనూ ఒప్పందం రద్దు కాలేదు. 2025 ఏప్రిల్ 23న, పహల్గాం దాడి తర్వాత మన ప్రభుత్వం పక్కన పెట్టింది. కానీ అదే ఏడాది జూలై 1న ఖైదీల జాబితాల మార్పిడి మామూలుగానే జరిగింది. ప్రతి జనవరి 1న అణు కేంద్రాల జాబితా ఇచ్చుకోవడం 1992 నుంచి నడుస్తోంది. తేదీ ముందే కాగితం మీద ఉంది, ఎవరూ కొత్తగా పిలవాల్సిన పని లేదు. మళ్లీ ఎవరు ముందు పిలుస్తారు అన్న పౌరుషమే చాలా చర్చల్ని ఆపేది.

అనంత_మెయిన్స్ (అనంతపురం)
చివరిగా ఒకటి. పారిపోయినవాళ్ల ఇళ్లలో వేరేవాళ్లు కాపురముంటే? ఎస్సేలో దీన్ని ఎక్కడ పెట్టాలి?

గుత్తి_కోట (గుత్తి)
భద్రత కుదిరాక, ఎన్నికల తర్వాతైనా సరే, కానీ చట్టం ముందే రాసుకోవాలి. బోస్నియాలో యుద్ధకాలంలో "వదిలేసిన ఆస్తి" అని చట్టాలు చేసి ఇళ్లు పంచేశారు. 1998లో వాటిని రద్దు చేశారు, 1999 నుంచి ఒకే పద్ధతి: పాత యజమాని దరఖాస్తు, హక్కు కాగితం లేదా పాత నివాస రికార్డు, తర్వాత ఇప్పుడున్నవాడికి ఖాళీ చేసే గడువు. వాడికి వేరే గూడు లేదని తేలితే తాత్కాలిక వసతి. రెండు ఇళ్లు పట్టుకున్నవాడికి ఆ గడువు బాగా తక్కువ. అడ్డం పడ్డది చట్టం కాదు, మునిసిపల్ ఆఫీసులో కూర్చున్నవాడు. చాలాసార్లు ఎవరో ఒకరి ఇంట్లో కాపురముంటున్నది ఆయనే. 1999 నవంబరులో శాంతి ఒప్పందం అమలు చూసే అంతర్జాతీయ హై రిప్రజెంటేటివ్ ఒకే రోజు 22 మంది అధికారుల్ని పదవి నుంచి తీసేశాక దరఖాస్తులు కదిలాయి. దాదాపు 2 లక్షల దరఖాస్తుల్లో అత్యధికం తర్వాతి నాలుగైదేళ్లలో తేలాయి. తాళం చేతికొచ్చినవాళ్లలో చాలామంది అక్కడ ఉండలేదు. ఇల్లు అమ్ముకుని తమవాళ్లు ఎక్కువున్న చోటికి పోయారు. బడి, ఉద్యోగం, పింఛను ఆఫీసు అవతలి వైపోళ్ల చేతిలో ఉంటే ఇల్లొక్కటే ఏం చేసుకుంటారు? కాబట్టి ఇళ్ల పేరా పక్కనే పింఛను బదిలీ, బడి పాఠ్యపుస్తకం పెట్టు. విడి హెడ్డింగు వద్దు.